గంజాయి మొక్క: మందు మాట, చట్టము మాట

ఈ మధ్య రైతు సభలలో ఎరువుల సంగతి, విత్తనముల సంగతి అయిన పిమ్మట, లేచి వెళ్ళబోవు వేళకు ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. "అయ్యా, గంజాయిని ఇతర దేశములలో మందులకు వాడుచున్నారట. ఐక్యరాజ్యసమితివారు కూడ ఒప్పుకొన్నారట. ఉత్తరాఖండములో సాగునకు లైసెన్సు ఇచ్చినారట. అట్లయిన మనము వేసిన తప్పేమి?" అడుగువారు నవ్వుచునే అడుగుదురు గాని, ప్రశ్న నవ్వులాటకు సంబంధించినది కాదు. ఈ మూడు మాటలును చాలవరకు నిజమే. కొండ గ్రామములకు వచ్చు దళారి కూడ ఈ మూడు మాటలనే చెప్పును. నాల్గవ మాట చెప్పడు. ఆ మొక్కనుండి మందు చేయువాడు తన గ్రామమునకు రాడనియు, వచ్చినవాడు మందు చేయువాడు కాడనియు అతడు చెప్పడు. కావున ఈ విషయమును మొదటినుండి తెలిసికొనుట అవసరము.

మొక్కను గుర్తించుట

ముందుగా ఒక పేరు చిక్కు విడదీయవలసియున్నది. ఆంగ్లములో "హెంపు" అను ఒక్క మాటను మూడు వేరువేరు పైరులకు వాడుదురు. పచ్చిరొట్టకును, నారకును మనము వేయు జనుమును "సన్ హెంపు" అందురు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నారకొరకు పండించు గోగును "డెక్కన్ హెంపు" అందురు. గంజాయిని "ఇండియన్ హెంపు" అందురు. మొదటి రెండును నిరపాయమైన పైరులు, ఎవరైనను వేసికొనవచ్చును. మూడవదానికి మాత్రమే చట్టము అడ్డుపడును. "హెంపు సాగు, ఎకరమునకు ఇంత లాభము" అని ముద్రించిన కాగితము ఎవరైనను చేతికిచ్చినచో, ఈ మూడింటిలో ఏ హెంపు అని అడిగి తెలిసికొనకుండ సంతకము చేయరాదు.

గోగునకును గంజాయికిని ఆకులో పోలిక కలదు. వృక్షశాస్త్రజ్ఞులు గోగునకు పెట్టిన పేరులోని "కెన్నాబినస్" అను మాటకు అర్థమే గంజాయివంటిది అని. ఈ పోలికవలన గోగు మడిని చూచి క్రొత్తగా వచ్చిన ఉద్యోగి అనుమానపడుటయు కలదు. గుర్తించుట కష్టము కాదు. గోగు ఆకు ఎంత లోతుగా చీలినను ఒకే ఆకు. గంజాయి ఆకు కాడ చివరనుండి 5, 7 లేక 9 సన్నని రేకులు విడివిడిగా విచ్చుకొనియుండును, ప్రతి రేకు అంచున రంపపు పండ్లవంటి నొక్కులుండును. గోగు పువ్వు లేత పసుపు రంగున పెద్దదిగా, నడుమ ముదురెరుపు మచ్చతో బెండపువ్వువలె నుండును. గంజాయికి అట్టి కంటికి కనిపించు పువ్వు లేదు. తాటియందు పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే గంజాయియందు కూడ పోతు, ఆడ మొక్కలు వేరువేరు. ఆడ మొక్క కొనయందు గుత్తిగా వచ్చు పూతపైని జిగురు పట్టియుండును. ఆ పూత గుత్తియే గంజాయి. ఆ జిగురును విడదీసినచో చరసు. ముదురు ఆకును నూరినచో భంగు. ఈ మూడు మాటలను జ్ఞాపకముంచుకొనవలెను, చట్టము వీనిని మూడు విధములుగా చూచును.

మందుగా దీని చరిత్ర

మన వైద్యులు దీనిని "విజయ" అను పేరుతో ఎరుగుదురు. జాతీఫలాది చూర్ణమువంటి కొన్ని యోగములలో శుద్ధి చేసిన భంగాకు చేరును. అయితే దానిని మన పెద్దలు పెరటి తులసివలె కోసి నమలలేదు. శోధన చేసి, తూకము కట్టి, ఇతర ద్రవ్యములతో కలిపి ఇచ్చిరి. నేడు కూడ ఔషధముల నిబంధనలలోని ఇ(1) షెడ్యూలులో, అనగా విష లక్షణముగల ఆయుర్వేద ద్రవ్యముల జాబితాలో, విత్తనము మినహా గంజాయి మొక్క చేరియున్నది. అట్టి ద్రవ్యము కలిసిన మందుపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ఉండితీరవలెను. కిరాణా కొట్టులో తినుబండారపు కాగితము చుట్టి, పైన "ఆయుర్వేదము" అని అచ్చువేసి అమ్ము గోలీలను మందు అని నమ్మరాదు.

పాశ్చాత్య వైద్యములోనికి ఈ మొక్కను తీసికొనిపోయినవాడు కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషానెసీ అను ఐర్లండు దేశపు వైద్యుడు. (తరువాత మన దేశమున మొట్టమొదటి తంతితీగలు వేయించినవాడును ఈయనే.) ఈయన 1839లో, మొదట జంతువులపైని, పిమ్మట రోగులపైని పరీక్షించి, ధనుర్వాతపు ఈడ్పులను, కీళ్ళనొప్పులను, పసిపిల్లల మూర్ఛను గంజాయి సారము తగ్గించుచున్నదని ప్రకటించెను. ధనుర్వాతమును అది నయము చేయలేదు, ఈడ్పుల బాధను తగ్గించినది. ఆ తరువాత సుమారు నూరు సంవత్సరములు ఇంగ్లండు, అమెరికా మందుల దుకాణములలో గంజాయి సారము సీసాలలో అమ్ముడుపోయినది. 1932లో బ్రిటను, 1940 తరువాత కొద్దికాలమునకే అమెరికా, తమ ఔషధ గ్రంథములనుండి దానిని తొలగించినవి.

ఎందులకు తొలగించిరి? చట్టపు భయము కొంత కారణము. కాని వైద్యులకు అంతకుముందే దానిపై నమ్మకము సన్నగిల్లినది. కారణము వ్యవసాయదారునకు సులభముగ బోధపడును. ఒకే ఊరి మిరపకాయలలో ఒక చేనివి నోరు మండించును, మరియొక చేనివి చప్పగా నుండును. విత్తనము, నేల, ఎండ, కోసిన అదను, నిలువ ఉంచిన తీరు, ఇవన్నియు కారమును మార్చును. గంజాయియందు ఈ తేడా ఇంకను హెచ్చు. పోతు మొక్క పుప్పొడి పడి గింజ కట్టినచో ఆడ మొక్క పూత బలము తగ్గును. ఎండిన సరకు నిలువయుండగ క్రమముగ చచ్చుబడును. ఒక సీసాలోని పది చుక్కలు రోగికి ఏమియు చేయకపోగా, మరియొక సీసాలోని పది చుక్కలు అతనికి దిమ్మతిరిగించెడివి. పైగా ఆ సారము నీటిలో కరగదు గనుక సూదిమందుగా ఎక్కించుటకు వీలులేకపోయెను. ఇంతలో నొప్పికి, నిద్రకు, మూర్ఛకు తూకము తప్పని మందులు వచ్చినవి.

మరల నేడు దీనిమాట వినబడుటకు కారణము, ఆ సారములోని భాగములను విడివిడిగా గుర్తింపగలుగుట. ఇస్రాయేలు శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషూలం, ఆయన సహచరులు 1963లో సి.బి.డి. అను పదార్థము నిర్మాణమును, 1964లో టి.హెచ్.సి. అను పదార్థమును నిర్ధారించిరి. మత్తు కలిగించునది టి.హెచ్.సి. సి.బి.డి.కి ఆ మత్తు లేదు. ఈ రెండును ఒకే మొక్కలో ఉండును, ఏది ఎంత అన్నది రకమునుబట్టి మారును.

ఇప్పుడు రోగులకు ఇచ్చుచున్న మందులేవి? 1985లో అమెరికాలో అనుమతింపబడిన డ్రొనాబినాల్ అను గొట్టపు మందు కేన్సరు మందుల వలన కలుగు వాంతులకు వాడబడుచున్నది. ఇది టి.హెచ్.సి. యే గాని, మొక్కనుండి తీసినది కాదు, రసాయనశాలలో తయారైనది. 2005లో కెనడా అనుమతించిన నోటిలో చిమ్ము మందు, నరముల జబ్బుతో కండరములు బిగిసిపోవువారికి, నొప్పికి ఉద్దేశింపబడినది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎపిడయోలెక్స్ అను ద్రవము శుద్ధి చేసిన సి.బి.డి. ఇది లెనాక్స్-గస్టాట్, ద్రావె అను రెండు మొండి రకముల పిల్లల మూర్ఛకు పనిచేయుచున్నది. పిల్లవాని బరువునుబట్టి మోతాదు కట్టి, కాలేయపు పరీక్షలు చేయించుచు ఇయ్యవలెను. దినమునకు పలుమారులు మూర్ఛపోవు బిడ్డగల తల్లిదండ్రులకు ఇది చిన్న విషయము కాదు. కావున "గంజాయిలో మందు లేదు" అని కొట్టివేయుట సరికాదని నా అభిప్రాయము. అట్లు చెప్పినచో యువకులు మన తక్కిన మాటలను కూడ నమ్మరు.

కాని ఆ మొక్కనుండి తీయు మందులకైనను మొక్క ఎచ్చట పెరిగినది? బ్రిటనులో గాజు గృహములలో, ఒకే రకపు తల్లి మొక్క కొమ్మలను నాటి, వెలుతురును, తేమను లెక్కప్రకారము నడపి, ప్రతి మొక్క ఒకే తీరుగ వచ్చునట్లు చూచిరి. కొండవాలున వర్షాధారముగ వేసి, బండపైని ఎండబెట్టి, గోనెసంచిలో త్రొక్కిన సరకు ఏ మందుల కర్మాగారమునకును పనికిరాదు. అది పోవునది చుట్టలోనికి, చిలుములోనికి మాత్రమే. యుక్తవయస్సులో దానికి అలవాటుపడినవారిలో జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినుటయు, కొందరిలో మతిభ్రమణము కలుగుటయు వైద్యులు చూచుచున్నదే.

పశువుల సంగతి ఒక్క మాట. కడుపుబ్బరమునకు, పారుడునకు ఎద్దులకు గంజాయి ఆకు మేపు అలవాటు పూర్వము దేశమున చాలచోట్ల ఉండెడిది. ఇప్పటికిని అక్కడక్కడ వినబడును. ఆ అవసరము నేడు లేదు. మోతాదు మించినచో పశువు తూలి పడిపోవును. పశువుల ఆసుపత్రికి తోలుకొనిపోవుటయే మేలు.

చట్టము ఎట్లు మారినది

గంజాయి మన ప్రాంతమున ఎల్లప్పుడు నిషేధములో లేదు. పూర్వపు మద్రాసు రాజధానిలో, బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, సంతరావూరు ప్రాంతమున ప్రభుత్వ లైసెన్సు క్రింద గంజాయి పండింపబడెడిది. పండిన సరకు ప్రభుత్వ గిడ్డంగికి చేరి, సుంకము చెల్లించిన పిమ్మటనే దుకాణములకు పోవుచుండెను. 1893లో ఆంగ్ల ప్రభుత్వము గంజాయి విషయమై ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము దేశమంతట తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదిక సమర్పించెను. మితముగ వాడువారికి చెప్పుకోదగిన కీడు లేదనియు, అతిగా వాడువారికి కీడు కలదనియు, పూర్తి నిషేధము బదులు లైసెన్సు, సుంకము చాలుననియు ఆ సంఘము అభిప్రాయపడినది. నాటి ప్రభుత్వమునకు సుంకముపై గల మక్కువను కూడ మనము మరువనక్కరలేదు.

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున మత్తు మందులపై ఒక ఒడంబడిక కుదిరినది. మన దేశము అందులో చేరినది. దానికి అనుగుణముగ 1985లో పార్లమెంటు చేసినదే ఎన్.డి.పి.ఎస్. చట్టము. అది ఆ సంవత్సరము నవంబరు 14న అమలులోనికి వచ్చినది. పలుమారులు సవరింపబడి నేటికిని అదియే నడచుచున్నది.

ఈ చట్టములో గంజాయి యనగా పూత లేక కాయ గుత్తులు. గుత్తులతో కలియని ఆకును, గింజను ఆ నిర్వచనము విడిచిపెట్టినది. భంగు సంగతి రాష్ట్ర ఎక్సైజు చట్టములకు పోయినది అందువలననే. ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు. "నేను ఆకు కొరకే వేసితిని, గింజ కొరకే వేసితిని" అను వాదము సాగునకు చెల్లదు. ఏలయనగా 8వ సెక్షను మొక్కను పెంచుటనే నిషేధించినది. గింజ కొరకైనను మొక్క వేయవలెను గదా! గంజాయి గింజను, గింజ నూనెను, పిండిని ఆహారముగా 2021లో కేంద్ర ఆహార ప్రమాణముల సంస్థ గుర్తించినది నిజమే. గింజను అమ్ముటకు అనుమతి వేరు, పైరును వేయుటకు అనుమతి వేరు.

శిక్షల సంగతి రైతు సోదరులు శ్రద్ధగా చదువవలెను. లైసెన్సు లేక గంజాయి మొక్కను సాగుచేసినచో 20వ సెక్షను క్రింద 10 సంవత్సరములవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయలవరకు జుల్మానా. ఇన్ని సెంట్లలోపు అయిన పరవాలేదు అను మినహాయింపు ఆ సెక్షనులో లేదు. ఎండిన సరకు దగ్గర ఉంచుకొన్నను, మోసినను, అమ్మినను తూకమునుబట్టి శిక్ష. కిలోవరకు చిన్న పరిమాణము, ఒక సంవత్సరమువరకు శిక్ష లేక పదివేలవరకు జుల్మానా లేక రెండును. 20 కిలోలు దాటినచో వాణిజ్య పరిమాణము. దీనికి శిక్ష 10 సంవత్సరములకు తగ్గదు, 20 వరకు పోవచ్చును. జుల్మానా లక్షకు తగ్గదు. ఈ 20 కిలోలు ఎంత? 75 కిలోల ధాన్యపు బస్తాలో మూడవ వంతు కూడ కాదు. ఈ తూకము దాటిన కేసులలో 37వ సెక్షను ప్రకారము బెయిలు దొరకుట మిక్కిలి కష్టము. ముద్దాయి నేరము చేయలేదని నమ్ముటకు తగిన ఆధారము న్యాయమూర్తికి కనబడవలెను. మోటారు సైకిలు, ఆటో ఇచ్చినవారు తమకు తెలియకుండ జరిగినదని రుజువు చేసికొనలేనిచో బండి జప్తు అగును. తెలిసి తన భూమిని, పాకను ఈ పనికి ఇచ్చిన ఆసామికి కూడ 25వ సెక్షను క్రింద అసలు నేరమునకు గల శిక్షయే వర్తించును. కౌలుకిచ్చితిని, నాకేమి సంబంధము అనుటకు వీలులేదు.

ఐక్యరాజ్యసమితి ఒప్పుకొన్నదను మాట ఏమిటి? 2020 డిసెంబరు 2న మత్తు మందుల కమీషనులో ఒక ఓటు జరిగినది. అనుకూలముగ 27, ప్రతికూలముగ 25 ఓట్లు వచ్చినవి. మన దేశము అనుకూలముగ ఓటు వేసినది. ఆ ఓటువలన గంజాయి, వైద్యమునకు ఉపయోగము లేని అతి ప్రమాదకర పదార్థములుండు నాల్గవ జాబితానుండి తీసివేయబడినది. కాని మొదటి జాబితాలో, అనగా నల్లమందు, మార్ఫియావలె అదుపులో నుంచవలసినవాని వరుసలో, ఉండనే యున్నది. మన 1985 చట్టములో ఒక్క అక్షరమును ఆ ఓటు మార్చలేదు.

చట్టబద్ధమైన మందు పంట ఎట్లుండును

మందు కొరకు మత్తు పైరును వేయు రైతులు మన దేశమున లేకపోలేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో గసగసాల పైరునుండి నల్లమందు తీయుచున్నారు. ఆ విధానము చూచినచో దళారి చెప్పునదానికిని, నిజమునకును గల దూరము తెలియును. గ్వాలియరులోని కేంద్ర మాదకద్రవ్యముల శాఖ ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము రైతు పేర లైసెన్సు ఇచ్చును. ఎచ్చట వేయవచ్చునో ప్రాంతమును కేంద్ర ప్రభుత్వము ముందే ప్రకటించును. లైసెన్సులో విస్తీర్ణము కొద్ది సెంట్లలో నిర్ణయించియుండును. అధికారులు వచ్చి గొలుసు పట్టి కొలతురు. పండినదంతయు ప్రభుత్వమునకే, ప్రభుత్వము నిర్ణయించిన ధరకు ఇయ్యవలెను. నిర్ణయించిన దిగుబడి రానిచో మరుసటి సంవత్సరము లైసెన్సు దొరకకపోవచ్చును. సరకు ఘాజీపూరు, నీమచ్ ప్రభుత్వ కర్మాగారములకు చేరును. ఇది మందు పంట. రాత్రివేళ సంచులు కట్టి, వాగు దాటించి, పేరు చెప్పని మనిషికి అప్పగించునది మందు పంట కాదు.

గంజాయి విషయములో కూడ చట్టము తలుపు పూర్తిగా మూయలేదు. వైద్య, శాస్త్ర అవసరములకు లైసెన్సు ఇచ్చు నియమములు చేయుటకు 10వ సెక్షను రాష్ట్రములకు అధికారమిచ్చినది. నారకు, గింజకు పారిశ్రామికముగ పండించుటకు అనుమతించుటకు 14వ సెక్షను ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఆ వీలునుబట్టియే 2018లో ఉత్తరాఖండ్, దేశమున మొదటిసారిగ, నార-గింజ రకములకు లైసెన్సు ఇచ్చినది. అచ్చటి షరతు ఏమనగా పైరులో టి.హెచ్.సి. నూటికి 0.3 భాగము మించరాదు. మత్తు కొరకు వేయు రకములు దీనికి పదిరెట్లకు పైబడియుండును. అనగా అచ్చట అనుమతించినది మత్తు లేని పైరును. జమ్మూలోని కేంద్ర పరిశోధనా సంస్థవారు అనుమతితో పరిశోధనకై గంజాయిని పెంచుచున్నారు.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రైతునకు ఇట్టి లైసెన్సు ఇచ్చు ఏర్పాటు లేదు. రావలెనా, వద్దా అను చర్చ విద్యావంతులలో జరుగుచున్నది, జరుగనిండు. ఒక వ్యవసాయోద్యోగిగా నా సందేహము వేరొకటి. ఈ పైరు పుప్పొడి గాలికి చాలదూరము పోవును. మత్తు లేని రకపు విత్తనమును, మత్తు రకము దొంగచాటుగా పెరుగుచున్న కొండల నడుమ వేసినచో రెండవ ఏటికి విత్తనశుద్ధి ఎట్లు నిలుచును? పరీక్షలో 0.3 దాటినచో ఆ పైరును తగులబెట్టవలసినదే. ఆ నష్టము ఎవరు భరింతురు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పు నియమములు వ్రాయబడినప్పుడు ఈ పుటలలోనే వివరింపవచ్చును.

ఏజెన్సీ గ్రామములలో

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి. మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలములు గంజాయి పేరుతో పత్రికలకెక్కుట విచారకరము. అక్కడి గిరిజనులకు ఇది తాతలనాటి పంట కాదు. పెట్టుబడి పెట్టి, విత్తనము తెచ్చి, సరకు ఎత్తుకొనిపోవువారు బయటివారు. నేరమునకు పట్టుబడునది మాత్రము భూమి గల గిరిజనుడు, లేక వీపున మూట మోసిన అతని కుమారుడు. 2021 చివర పోలీసు, ఎక్సైజు శాఖలు "ఆపరేషన్ పరివర్తన" పేర కొండలలో వేలకొలది ఎకరముల పైరును పెరికించినవి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల సరకును ఒకచోట తగులబెట్టిరి. 2024 నవంబరులో ఇదే పనికి "ఈగల్" అను ప్రత్యేక విభాగము ఏర్పడినది.

పైరును పెరికిన తరువాత ఆ భూమిలో ఏమి వేయవలెనన్నది మా శాఖ ప్రశ్న. దళారి బలము సరకు ధరలో లేదు, ముందుగా ఇచ్చు రొక్కములో ఉన్నది. కాఫీ మంచిదని అందరు ఎరుగుదురు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. కాని నీడకు సిల్వర్ ఓకు పెరుగవలెను, ఆ పిమ్మట కాఫీ మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు. ఆ సిల్వర్ ఓకుపై ప్రాకించిన మిరియముల తీగకును దాదాపు అంతే. ఈ నడుమ ఇల్లు ఎట్లు గడచును? దళారి పంచలోనికి వచ్చి కూర్చుండునది సరిగా ఆ సంవత్సరములలోనే.

కావున కాఫీ మొక్కలు పంచిన గ్రామములో ఆ మొదటి నాలుగేండ్ల ఆదాయమునకు వేరుగ ఏర్పాటు చేయనిచో పని సగమే అయినట్లు. చింతపల్లి పరిశోధనా స్థానము అనుభవములో రాజ్మా చిక్కుడు ఇందులకు బాగుగా పనికివచ్చును. ఆగష్టు, సెప్టెంబరులలో విత్తినచో సుమారు మూడు నెలలలో చేతికి వచ్చును, కొండ చలికి తట్టుకొనును, ఎండిన గింజ నిలువయుండును. పసుపును గిరిజనులు వాడుకగా రెండేండ్లు నేలలో ఉంచుదురు. రోమావంటి రకములను దుంపలు ఎంపికచేసి వేసినచో ఏడాదిలోపుననే త్రవ్వుకొనవచ్చును. త్రవ్విన దుంపను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అమ్మిన పసుపునకును, పచ్చిదుంపగ సంతలో పోసిన పసుపునకును ధరలో గల తేడా స్త్రీలే మాకంటె బాగుగా చెప్పగలరు. రాగి, వలిసెలు ఎప్పుడును ఉన్నవే. సరకును గిరిజన సహకార సంస్థ డిపోలో తూయించి చీటీ తీసికొనవలెను. వారపు సంతలో సోలలతో కొలిచి ఇచ్చినచో శ్రమ దండుగ. ఇందులో ఏదియు దళారి పెట్టు రొక్కముతో ఎకరమునకెకరము సరితూగునని నేను చెప్పను. పదేండ్ల కారాగారమును ఖర్చులో వేసి లెక్కకట్టినచో మాత్రము తూగును.

భూమిగలవారు, గ్రామోద్యోగులు

చట్టములోని రెండు సెక్షనులు ప్రత్యేకముగ ఈ పత్రిక పాఠకులకు సంబంధించినవి, కాని తెలిసినవారు తక్కువ. 46వ సెక్షను ప్రకారము తన భూమిలో దొంగచాటుగా గంజాయి మొక్క పెరుగుచున్నదని తెలిసిన ప్రతి భూమిగలవాడును వెంటనే పోలీసులకు గాని, ఎక్సైజు మొదలగు శాఖలవారికి గాని తెలుపవలెను. తెలిసియు ఊరకున్నచో శిక్షార్హుడు. 47వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వోద్యోగి, పంచాయతి సభ్యుడు, సర్పంచి, ఏ పేరుగల గ్రామోద్యోగియైనను తెలిసిన తోడనే ఇట్లు తెలుపవలెను. పూర్వము మునసబు, కరణములపై నుండు భారము, ఆ పదవులు 1984లో పోయినను, ఇప్పటి గ్రామ రెవెన్యూ అధికారిపై, సచివాలయపు ఉద్యోగులపై, వ్యవసాయ సహాయకునిపై అట్లే యున్నది. పంట నమోదుకు చేను తిరుగునప్పుడు మొక్కజొన్న నడుమ, కంది నడుమ వేరొక మొక్క కనబడినచో "ఇతరములు" అని వ్రాసి వచ్చుట తగదు.

చెప్పినవాని పేరు బయటపడునేమో అను భయము సహజము. 68వ సెక్షను ప్రకారము తనకు ఆ సమాచారము ఎవరు ఇచ్చిరో చెప్పుమని అధికారిని ఎవరును బలవంతపెట్టరాదు. ఆంధ్రప్రదేశములో ఈగల్ విభాగమునకు 1972 అను సంఖ్యకు, దేశమంతటికిని 1933 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చును. తన చేనిలో తనకు తెలియకుండ ఎవరో వేసిన మొక్కలు కనబడిన రైతు, భయపడి రాత్రికి రాత్రి పెరికి దాచుటగాని, కాల్చుటగాని చేయరాదు. కోసిన మొక్క ఇంటి దగ్గర దొరికినచో అతనికే చిక్కు. సర్పంచిని, మరియొక పెద్దమనిషిని తోడు తీసికొనిపోయి ఠాణాలో వ్రాతమూలకముగ తెలిపి, నకలుపై ముద్ర వేయించుకొనవలెను. పైరును జప్తుచేసి నాశనము చేయించు అధికారము 48వ సెక్షను క్రింద మేజిస్ట్రేటునకు, అధికారమివ్వబడిన గెజిటెడు ఉద్యోగికి ఉన్నది.

ఇంటిలో కుర్రవాడు గంజాయికి అలవాటుపడినాడని తెలిసినచో దాచిపెట్టి కొట్టుట వలన ప్రయోజనము లేదు. తానై వచ్చి ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స చేయించుకొను వ్యసనపరునికి, వాడుక నేరములోను, చిన్న పరిమాణపు కేసులలోను, విచారణనుండి మినహాయింపును 64-ఎ సెక్షను కల్పించినది. చికిత్సను నడుమ విడిచిపెట్టినచో ఆ మినహాయింపు పోవచ్చును. సలహాకు 14446 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. పిల్లలకు మూర్ఛ, పెద్దలకు కేన్సరు నొప్పి ఉన్న ఇండ్లవారు గంజాయి నూనె అని బజారులో అమ్మువారిని నమ్మక జిల్లా ఆసుపత్రి వైద్యుని చూడవలెను. కేన్సరు నొప్పికి మార్ఫియా బిళ్ళలు చట్టబద్ధముగ, వైద్యుని చీటీపై, గుర్తింపుగల ఆసుపత్రులలో దొరకును.